తన ఇంటిపేరు తానే పెట్టుకున్న మనిషి – ఎరిక్ ఎరిక్‌సన్

మన బళ్లలో చదివే పిల్లల్ని సొంత ఊరేదని అడిగితే చాలామంది ఒక్క మాటలో చెప్పలేరు. నాన్నది ఒంగోలు, అమ్మది వరంగల్లు, పుట్టింది పఠాన్‌కోట్ మిలిటరీ ఆసుపత్రిలో, ఒకటో తరగతి జోర్హాట్‌లో, ఐదో తరగతి జామ్‌నగర్‌లో. ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో హిందీ, పరీక్ష పేపర్లో ఇంగ్లీషు. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మగారింటికి వెళితే అక్కడి పిల్లలు మన తెలుగు విని నవ్వుతారు. తిరిగివస్తే ఇక్కడి పిల్లలు మద్రాసీ అంటారు. మేమూ కొన్నేళ్లకొకసారి పెట్టెలు సర్దుకునే ఉద్యోగులమే కాబట్టి ఈ సంగతి మాకు బాగా తెలుసు.

ఇలాంటి తికమకలోనే పెరిగి, దాని గురించే జీవితమంతా ఆలోచించి, ప్రపంచానికి ఒక కొత్త మాట ఇచ్చిన మనిషి ఎరిక్ ఎరిక్‌సన్. పదకొండు, పన్నెండు తరగతుల్లో సైకాలజీ తీసుకున్నవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. బి.ఎడ్. చదివిన ఉపాధ్యాయులం ఆయన చెప్పిన ఎనిమిది దశల్ని పరీక్ష కోసం కంఠస్థం చేసినవాళ్లమే. కానీ ఆ దశల వెనక ఉన్న మనిషి కథ పరీక్షలో రాదు. ఈసారి ఆ కథ చెప్పుకుందాం.

ఎరిక్ 1902 జూన్ 15న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పుట్టాడు. తల్లి కార్లా అబ్రహామ్‌సెన్ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని ఒక యూదు కుటుంబపు ఆడపడుచు. బిడ్డ తండ్రి ఎవరో ఆమె చివరిదాకా చెప్పలేదు. అంతకుముందే ఆమెకు సాలొమన్‌సెన్ అనే ఆయనతో పెళ్లయి, ఆ పెళ్లి నిలవలేదు. కాగితాల మీద మాత్రం బిడ్డకు ఆ ఇంటిపేరే పడింది. అలా ఎరిక్ మొదటి ఇంటిపేరు సాలొమన్‌సెన్ అయింది.

కార్లా బిడ్డను తీసుకుని జర్మనీలోనే కార్ల్‌స్రూహె అనే ఊళ్లో స్థిరపడింది. ఎరిక్‌కు మూడేళ్లప్పుడు, 1905లో, థియోడర్ హాంబర్గర్ అనే పిల్లల డాక్టరును పెళ్లి చేసుకుంది. ఆయన ఎరిక్‌ను చట్టప్రకారం దత్తత చేసుకుని తన ఇంటిపేరు ఇచ్చాడు. ఆయనే కన్నతండ్రి అని చెప్పి ఎరిక్‌ను పెంచారు. ప్రేమకు లోటు లేదు. కానీ పిల్లలకు కళ్లుంటాయి. ఇంట్లో అందరిదీ ఒక పోలిక, తనది ఇంకో పోలిక. ఎరిక్ పొడగరి, నీలికళ్లవాడు, జుట్టు లేతబంగారు రంగు. ఏదో దాస్తున్నారని అతనికి తెలుస్తూనే ఉండేది, ఏమిటో తెలిసేది కాదు. అసలు సంగతి చాలాకాలం అతనికి చెప్పలేదు.

బడిలోనూ ఇదే ఇబ్బంది. యూదుల మతపాఠశాలలో తోటి పిల్లలు అతని నీలికళ్లు చూసి పరాయివాడని ఎగతాళి చేసేవారు. మామూలు బడికి వెళితే అక్కడి జర్మన్ పిల్లలు యూదుడివంటూ వేళాకోళం చేసేవారు. అక్కడివాడూ కాదు, ఇక్కడివాడూ కాదు. ఇది చదువుతుంటే మీలో కొందరికి కొత్త క్లాసులో మొదటి నెల గుర్తుకు వస్తుందని మేమనుకుంటున్నాం. నోరు తెరిస్తే యాస పట్టుబడుతుంది, తెరవకపోతే పొగరనుకుంటారు. ఆ వయసులో దీనికి చాలామంది కనిపెట్టుకునే ఉపాయం ఒకటే: వెనకబెంచీ, మౌనం.

ఎరిక్ చదువులో గొప్ప విద్యార్థి కాదు. పెంచిన తండ్రి తనలాగే డాక్టరవమన్నాడు. ఎరిక్ ఒప్పుకోలేదు. బొమ్మలు వేయడం నేర్చుకుంటానని కార్ల్‌స్రూహెలో కొన్నాళ్లు, మ్యూనిక్‌లో కొన్నాళ్లు చిత్రకళ చదివాడు. అదీ పూర్తిగా పట్టుబడలేదు. భుజాన సంచి వేసుకుని జర్మనీ, ఇటలీ తిరిగాడు. ఫ్లారెన్స్‌లో కొన్నాళ్లు ఉన్నాడు. పాతికేళ్లు వస్తున్నా ఉద్యోగం లేదు, డిగ్రీ లేదు, ఇదీ నేను అని చెప్పుకోవడానికి పనేమీ లేదు. మన ఇళ్లలో అయితే చుట్టాలందరూ ఆ తల్లిదండ్రుల్ని అడుగుతూనే ఉంటారు, అబ్బాయి ఏం చేస్తున్నాడని.

1927లో చిన్ననాటి స్నేహితుడు పీటర్ బ్లోస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక చిన్న బడి నడుపుతున్నాం, పిల్లలకు పాఠాలు చెబుదువుగాని రమ్మని పిలుపు. ఎరిక్ వెళ్లాడు. ఆ పిలుపుతో ఆయన జీవితం మలుపు తిరిగింది.

వియన్నా మామూలు ఊరు కాదు. మనసు బాధను మాటలతో నయం చేయవచ్చనే ఆలోచన పుట్టింది అక్కడే. 1880ల్లో అక్కడ ఒక డాక్టరు దగ్గరికి వైద్యానికి వచ్చిన యువతి, లోపలున్నది చెప్పుకుంటుంటే భారం తగ్గుతోందని గమనించింది. దానికి మాటల చికిత్స అని పేరు పెట్టింది ఆ డాక్టరు కాదు, ఆ అమ్మాయే. దాన్ని సిగ్మండ్ ఫ్రాయిడ్ పెద్ద శాస్త్రంగా పెంచారు. ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ ఆ పద్ధతిని పిల్లల కోసం మలిచారు. ఎరిక్ పనిచేసిన బడిలోని పిల్లల్లో కొందరు ఆమె దగ్గరికి వెళ్లేవారే. పిల్లలతో ఎరిక్ మెలిగే తీరు అన్నాకు నచ్చింది. ఈ విద్య నేర్చుకోమని ప్రోత్సహించారు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ విద్య నేర్చుకునేవాళ్లు ముందు తామే ఎదుట కూర్చుని తమ మనసులోది చెప్పుకోవాలి. ఎరిక్ కూడా అన్నా ఫ్రాయిడ్ ఎదుట ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. వినడం నేర్చుకోవాలంటే, ఒకరు శ్రద్ధగా వింటుంటే ఎలా ఉంటుందో ముందు తెలియాలి కదా. దానితోపాటు ఆయన మాంటిస్సోరి పద్ధతిలో బోధనకు శిక్షణ కూడా పొందారు. కెనడాలో పుట్టిన జోన్ సెర్సన్ అనే నాట్యకళాకారిణి అక్కడే పరిచయమయ్యారు. 1930లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. తరువాతి అరవై ఏళ్లలో ఎరిక్ రాసిన ప్రతి పుస్తకం వెనక ఆమె చెయ్యి ఉంది.

1933లో ఎరిక్ వియన్నాలో చదువు పూర్తిచేశారు. అదే ఏడాది జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. బెర్లిన్‌లో ఫ్రాయిడ్ పుస్తకాలను మంటల్లో వేశారు. ఎరిక్, జోన్ తమ ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకుని తల్లి పుట్టిన దేశమైన డెన్మార్క్ వెళ్లారు. అక్కడ పౌరసత్వం దొరకలేదు. ఓడెక్కి అమెరికా చేరారు. బోస్టన్ నగరంలో పిల్లలకు మనోవిశ్లేషణ చేసే మొదటి వ్యక్తి ఆయనే. అప్పటికి ఇంగ్లీషు సరిగా రాదు. ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయం, అక్కడి నుంచి కాలిఫోర్నియా. మన భాషలో చెప్పాలంటే పోస్టింగు మీద పోస్టింగు.

1939లో అమెరికా పౌరుడయ్యేటప్పుడు ఆయన తన ఇంటిపేరు మార్చుకున్నారు. అప్పటికి రెండు ఇంటిపేర్లు, రెండూ ఇతరులు ఇచ్చినవే. మూడోది తానే పెట్టుకున్నారు: ఎరిక్‌సన్. అంటే ఎరిక్ కొడుకు. తండ్రి పేరుకు సన్ అని చేర్చి ఇంటిపేరు చేసుకోవడం డెన్మార్క్ వైపు పాత ఆచారం. ఎవరి కొడుకువని జీవితమంతా వెంటాడిన ప్రశ్నకు, నాకు నేనే అని జవాబు చెప్పినట్టయింది. అయితే పెంచిన తండ్రిని తుడిచేయలేదు. హాంబర్గర్ అనే పేరును మధ్యలో హెచ్ అనే అక్షరంగా ఉంచుకున్నారు. అందుకే పుస్తకాల మీద ఎరిక్ హెచ్. ఎరిక్‌సన్ అని ఉంటుంది.

పిల్లలతో ఆయన పని చేసే తీరు వేరుగా ఉండేది. కొందరు పిల్లల విషయంలో ముందు వాళ్లింటికే వెళ్లి, అందరితో కలిసి భోంచేసి, ఇంట్లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుకుంటారో చూసేవారు. మాట రాని పిల్లల ముందు బొమ్మలు, చెక్కదిమ్మలు పెట్టేవారు. కాలిఫోర్నియాలో సుమారు 150 మంది పిల్లలకు బల్ల మీద బొమ్మలిచ్చి, ఒక సినిమాలోని దృశ్యాన్ని ఊహించి పేర్చమన్నారు. పేర్చాక ఆ కథ చెప్పమనేవారు. నేరుగా అడిగితే నోరు విప్పనివాడు కూడా తాను కట్టిన కోట గురించి చెబుతూ చెబుతూ తన గురించి చెప్పేస్తాడు. మాటల చికిత్స అంటే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం మాత్రమే కాదని ఆయన ఇలా చూపించారు.

1930ల చివర్లో ఆయన దక్షిణ డకోటా రాష్ట్రంలోని పైన్ రిడ్జ్ అనే చోటికి వెళ్లారు. అక్కడ సూ అనే ఆదివాసి జాతి ప్రజలు ఉంటారు. వాళ్ల పూర్వులు అడవిదున్నల్ని వేటాడి బతికినవాళ్లు. దొరికింది నలుగురికీ పంచడం వాళ్లలో పెద్ద గుణం. ప్రభుత్వ హాస్టలు బళ్లలో మాత్రం పిల్లలకు పొదుపు చేయడం, పోటీపడటం నేర్పేవారు. ఇంట్లో గౌరవం తెచ్చే గుణం బడిలో తప్పు, బడిలో మార్కులు తెచ్చే గుణం ఇంట్లో పిసినారితనం. పిల్లలు ఎదురు తిరగలేదు, మౌనంగా ముడుచుకుపోయారు. టీచర్లు దాన్ని మొద్దుతనం అనుకున్నారు. ఎరిక్‌సన్ చూసింది వేరు. ఆ పిల్లల బుర్రలో లోపం లేదు. రెండు లోకాలను కలిపే వంతెన లేదు, అంతే. మనసు గురించి ఆలోచించేటప్పుడు మనిషి తలలోపలే కాక అతని ఊరు, బడి, కాలం కూడా చూడాలని ఆయన గట్టిగా పట్టుకున్నది ఇక్కడినుంచే.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మౌంట్ జయాన్ ఆసుపత్రిలో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేశారు. వాళ్లు పిరికివాళ్లు కారు, పిచ్చివాళ్లూ కారు. తాము ఎవరో వాళ్లకు తెలుసు, పేరూ ఊరూ చెప్పగలరు. కానీ నిన్నటి తానూ నేటి తానూ ఒక్కరేనన్న భావం తెగిపోయింది. ఆ స్థితికి ఆయన పెట్టిన పేరే ఐడెంటిటీ క్రైసిస్, తెలుగులో గుర్తింపు సంక్షోభం. తరువాత ఆయనకు అర్థమైంది, యుద్ధం చూడని కుర్రవాళ్లలోనూ ఇది ఉందని. పద్నాలుగు పదిహేనేళ్లకు శరీరం మారుతుంది, గొంతు మారుతుంది, పెద్దల అంచనాలు మారతాయి. నిన్నటి పిల్లవాడికీ రేపటి మనిషికీ మధ్య దారం కాసేపు చేతికి దొరకదు.

1950లో ఆయన మొదటి పుస్తకం బాల్యం–సమాజం వెలువడింది. మన బి.ఎడ్. పుస్తకాల్లోని ఎనిమిది దశలు అందులోవే. పసిబిడ్డ నమ్మకంతో మొదలై, ముసలితనంలో తృప్తితో ముగిసే ప్రయాణం అది. ప్రతి దశలోనూ రెండు వైపులా లాగే ఒక పెనుగులాట ఉంటుంది. ఐదోది కౌమారం, సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు. అక్కడి పెనుగులాటకు పాత్ర గుర్తింపు, పాత్ర సందిగ్ధం అని పేర్లు. ఆయన పని చాలావరకు దీని చుట్టూనే తిరిగింది కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం.

ఈ వయసులో, లోపల నేను ఎవరినో అన్నదానితోపాటు, నలుగురి కళ్లకు ఎలా కనిపిస్తున్నానన్నది కూడా పెద్ద ప్రశ్న అవుతుంది. అసెంబ్లీలో వార్తలు చదవడానికి స్టేజీ ఎక్కితే బడి మొత్తం మన చేతుల వణుకే చూస్తోందనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, ఎదిగే వయసు లక్షణం. ఎరిక్‌సన్ ఇంకో మాట కూడా గమనించారు. ఈ వయసు పిల్లలు గుంపులు కట్టి, బట్టలు, భాష, రంగు, యాస వేరుగా ఉన్నవాళ్లను దూరం పెడతారు. అది కేవలం దుర్మార్గం కాదు. తామెవరో తమకే ఇంకా తేలకపోవడం వల్ల, తాము ఎవరు కాదో ముందు తేల్చుకోవాలని చూస్తారు. కొత్తగా వచ్చినవాణ్ణి ఏడిపించే గుంపులో కూడా భయమే ఉందన్నమాట. ఏడిపించడం దీనివల్ల ఒప్పయిపోదు. కానీ ఏడిపించబడినవాడికి తనలో తప్పేమీ లేదని తెలియడానికి ఈ మాట పనికివస్తుంది. పెద్దలకూ ఆయన ఒక హెచ్చరిక చేశారు. ఒక పిల్లవాణ్ణి పదేపదే చెడ్డవాడంటే, ఏమీ కాకపోవడం కంటే చెడ్డవాడవడమే నయమని ఆ పేరునే వాడు తగిలించుకుంటాడు.

ఆయన ఇచ్చిన మరో ఆలోచన విరామకాలం. అప్పు తీర్చడానికి బ్యాంకు గడువిచ్చినట్టు, పెద్దరికంలోకి అడుగుపెట్టడానికి సమాజం పిల్లలకు కొంత గడువివ్వాలన్నారు. ఆ గడువులో రకరకాల పనులు, స్నేహాలు, ఇష్టాలు ప్రయత్నించి చూసుకోనివ్వాలి. సంచి వేసుకుని ఇటలీ తిరిగిన ఏళ్లు తనకు అలాంటి గడువేనని ఆయనకు వెనక్కి చూసుకుంటే అర్థమైంది.

పుస్తకం వచ్చిన ఏడాదే ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. అమెరికాలో కమ్యూనిస్టులంటే భయం పెరిగిన రోజులవి. తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యులను అడిగింది. ఎరిక్‌సన్ కమ్యూనిస్టు కారు. అయినా భయపెట్టి చేయించే సంతకం చేయనని ఉద్యోగం వదులుకున్నారు. అప్పటికి ఆయనకు కుటుంబం ఉంది, చేతిలో డిగ్రీ లేదు. తానెవరో తెలుసుకోవడమంటే ఎక్కడ సంతకం పెట్టకూడదో తెలుసుకోవడం కూడా అని ఆ నిర్ణయం మనకు చెబుతుంది.

తరువాత పదేళ్లు మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టాక్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో ఆస్టెన్ రిగ్స్ అనే చికిత్సాకేంద్రంలో పనిచేశారు. కాలేజీ మధ్యలో మానేసినవాళ్లు, నలుగురిలోకి రాలేనివాళ్లు, ఏ పనీ మొదలుపెట్టలేనివాళ్లు, అలాంటి యువతీయువకులు అక్కడికి వచ్చేవారు. ఎరిక్‌సన్ వాళ్లతో మాట్లాడేవారు. జోన్ ఇంకో పని చేశారు. వాళ్లకోసం చిత్రకళ, చేతిపనులు, నాటకాలు ఏర్పాటు చేశారు. అక్కడ వాళ్లను రోగులుగా చూడలేదు. నాటకంలో వేషం ఉన్నవాడు నటుడు, బొమ్మ వేసేవాడు చిత్రకారుడు. గదిలో చెప్పుకున్న మాట ఒకవైపు, బయట నలుగురితో కలిసి చేసిన పని ఒకవైపు. రెండూ కలిస్తేనే మనిషి కుదుటపడతాడని ఆ దంపతుల అనుభవం. 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఎరిక్‌సన్‌ను ఆచార్యుడిగా పిలిచింది. విశ్వవిద్యాలయ డిగ్రీ ఒక్కటీ లేని మనిషి అక్కడ పదేళ్లు పాఠం చెప్పారు.

ఆయన కథలో మన దేశానికీ చోటుంది. 1962లో మనిషి జీవితదశల మీద గోష్ఠి జరపడానికి ఆయన్ను అహ్మదాబాద్ పిలిచారు. 1918లో ఆ ఊరి మిల్లు కార్మికుల సమ్మెలో గాంధీజీ నిరాహారదీక్ష చేశారు. ఆ సమ్మెను చూసినవాళ్లు, అందులో పాల్గొన్నవాళ్లు అప్పటికి ఇంకా ఉన్నారు. ఎరిక్‌సన్ వాళ్లను కలిసి మాట్లాడారు. అలా పుట్టిన పుస్తకం గాంధీ సత్యం 1969లో వెలువడి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. పుస్తకం మధ్యలో ఆయన గాంధీజీకే ఒక ఉత్తరం రాశారు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు. గౌరవం ఉంచుకునే, ఇంట్లోవాళ్ల పట్ల గాంధీజీ చూపిన కాఠిన్యాన్ని ప్రశ్నించారు.

గాంధీజీ కూడా ఉద్యోగం వల్ల ఊరు మారిన తండ్రి కొడుకేనని మీకు తెలుసా? తండ్రి పోర్‌బందరు నుంచి రాజ్‌కోటకు మారినప్పుడు మోహన్‌దాస్‌కు సుమారు ఏడేళ్లు. బడిగంట కొట్టగానే, ఎవరైనా పలకరిస్తారేమో, వేళాకోళం చేస్తారేమో అని ఇంటికి పరుగెత్తే పిల్లవాడు. లండన్‌లో చదివేటప్పుడు శాకాహారుల సంఘంలో తన అభిప్రాయం కాగితం మీద రాసుకుని వెళ్లి కూడా చదవలేక, వేరొకరి చేత చదివించాడు. బారిస్టరై వచ్చి బొంబాయి కోర్టులో మొదటి కేసులో లేచి నిలబడితే తల తిరిగి, ఒక్క ప్రశ్న కూడా వేయలేక కూర్చుండిపోయాడు. అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయులను సమావేశపరిచి మాట్లాడాడు. ఆ మధ్యలో బిడియం మాయమైపోలేదు. చెప్పవలసిన మాట, చేయవలసిన పని దొరికాయి. ఎరిక్‌సన్‌కు గాంధీజీలో ఆసక్తి కలిగించిన సంగతుల్లో ఇదొకటి: లోపలి తికమక నుంచి ఒక మనిషి తన పని ఎలా కనుక్కుంటాడు?

ఎరిక్‌సన్ జీవితంలో ఒక బరువైన అధ్యాయం కూడా ఉంది. 1944లో ఆయనకు నీల్ అనే కొడుకు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. అప్పటి డాక్టర్ల పద్ధతి ప్రకారం ఆ బిడ్డను ఒక సంస్థలో ఉంచారు. మిగిలిన పిల్లలకు తమ్ముడు పుట్టగానే చనిపోయాడని చెప్పారు. నీల్ ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. ఇంట్లో దాచిన నిజం పిల్లల్ని ఎంత కుదిపేస్తుందో తన బాల్యంలోనే చూసిన మనిషి, తన ఇంట్లోనూ నిజం దాచారు. గొప్పవాళ్ల జీవితాల్ని మచ్చలేని అద్దంలా చూపించడం మాకిష్టం లేదు. మాట్లాడుకోవడం ఎంత అవసరమో, ఎంత కష్టమో రెండూ ఈ ఒక్క సంగతిలో ఉన్నాయి.

ఎరిక్‌సన్ తరువాత ఈ విద్య చాలా ముందుకు వచ్చింది. నలుగురిలో మాట్లాడాలంటే వచ్చే విపరీతమైన భయానికి నేడు ఎక్కువగా వాడే మాటల చికిత్స ఆయనది కాదు. అమెరికాలో ఆరన్ బెక్ మొదలైనవారు 1960ల నుంచి రూపొందించినది. కౌన్సెలరు ముందుగా, భయం వేసిన క్షణంలో మనసులో మెదిలిన మాటను పట్టుకోమంటారు. చెయ్యెత్తితే అందరూ నవ్వుతారన్నది ఆ మాట అనుకుందాం. అది నిజమో కాదో చిన్న చిన్న మెట్లుగా పరీక్షిస్తారు. మొదటివారం పక్కబెంచీవాణ్ణి పెన్సిలు అడగడం, తరువాత క్యాంటీన్‌లో తానే వెళ్లి కొనుక్కోవడం, ఆ తరువాత క్లాసులో ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం. ప్రతి మెట్టు మీదా, జరుగుతుందనుకున్నదీ నిజంగా జరిగినదీ పక్కపక్కన రాసుకుంటారు. భయం ఒక్కరోజులో పోదు, పలచబడుతుంది. పద్ధతి మారినా పునాది ఎరిక్‌సన్ నమ్మినదే. నమ్మకంగా వినే ఒక మనిషి, బయట నలుగురితో చేసే నిజమైన పని.

మామూలు బిడియానికి ఇదంతా అవసరం లేదు. కొత్త బడిలో మొదటి వారాల మౌనం చాలామందికి దానంతటదే కరుగుతుంది. కానీ భయంతో బడి ఎగ్గొట్టడం, పొద్దున్నే కడుపునొప్పి రావడం, టిఫిన్ బాక్సు ఒంటరిగా దాక్కుని తినడం నెలల తరబడి సాగితే, అది మన తప్పూ కాదు, దాచుకోవలసిన సంగతీ కాదు. అమ్మానాన్నలకు చెప్పాలి. బడిలో కౌన్సెలరు ఉంటే వెళ్లాలి, లేకపోతే మీకు చనువున్న టీచరు దగ్గరికి రావాలి. మీకో మరొకరికో ప్రమాదమనిపిస్తే తప్ప, అక్కడ చెప్పుకున్నది కౌన్సెలరు గుట్టుగానే ఉంచుతారు. ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఏ ఊరికి బదిలీ అయినా ఆ నంబరు మారదు.

ఎరిక్‌సన్ 1994 మే 12న మసాచుసెట్స్‌లోని హార్విచ్‌లో కన్నుమూశారు. అప్పటికి తొంభై ఒక్క ఏళ్లు. ఆయన పోయాక జోన్, తొంభై దాటిన తన అనుభవంతో ఆయన ఎనిమిది దశలకు తొమ్మిదోదాన్ని చేర్చి రాశారు. అంటే తొంభై ఏళ్లకు కూడా మనిషి గురించి తెలుసుకోవలసింది మిగిలే ఉందన్నమాట. మరి పద్నాలుగేళ్లకే అంతా తేలిపోవాలని కంగారెందుకు?

తండ్రి పేరు తెలియని, ఏ గుంపులోనూ ఇమడని, పాతికేళ్లదాకా దారి దొరకని ఒక కుర్రవాడు తన తికమకను దాచిపెట్టలేదు, చదువుకున్నాడు. మనకు ఊళ్లు ఎక్కువ, భాషలు ఎక్కువ, వదిలివచ్చిన స్నేహితులూ ఎక్కువ. ఇవి ముక్కలు కావు, దారాలు. వాటితో ఏం నేస్తామన్నది మన చేతుల్లో ఉంది, గడువు కూడా ఉంది. ఈ ఏడాది క్లాసులోకి కొత్తగా వచ్చిన పిల్లవాడు వెనకబెంచీలో మౌనంగా కూర్చుంటే, సొంత ఊరేదని అడిగి ఊరుకోకండి. పక్కన కూర్చుని, వాడు చెప్పేదాకా వినండి.